పాటలో నిలబడ్డ త్రిత్వం

ఉత్తరాంధ్ర క్రైస్తవ చరిత్ర: ఏడవ భాగం

రాజాం దారుల కూడలి. ఇక్కడి నుంచి పాలకొండకో దారి, బొబ్బిలికో దారి, చీపురుపల్లికో దారి, శ్రీకాకుళం వైపుకు ఇంకో దారి. 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండి, ఆ తర్వాత విజయనగరం జిల్లాలో చేరిన ఈ ఊరి పేరెత్తితే ఎవరికైనా ముందు తాండ్ర పాపారాయుడు, 1757 నాటి బొబ్బిలి యుద్ధం గుర్తుకొస్తాయి. మనం ఈ భాగంలో చెప్పుకునేది వేరే పోరు. దానికి కత్తులు లేవు, కోటలు లేవు. దేవుడు ఒక్కడే అయితే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని ముగ్గురి పేర్లు ఎందుకు చెబుతారు? క్రైస్తవ సంఘం పదిహేడు వందల ఏళ్లకు పైగా ఈ ప్రశ్నకు జవాబు చెబుతూనే ఉంది.

ఈ దారుల వెంట ఉన్న సంఘాల్లో బాప్టిస్టులది పాత వేరు. 1875లో కెనడా తూర్పు తీరం నుంచి వచ్చిన మిషనరీలు భీమునిపట్నంలో దిగి, ఆ దశకంలోనే శ్రీకాకుళం, బొబ్బిలి దాకా వచ్చారు. లూథరన్, సీఎస్ఐ గుళ్లలో విశ్వాస ప్రమాణాన్ని అందరూ నిలబడి వల్లిస్తారు. బాప్టిస్టు సంప్రదాయంలో ఆ అలవాటు లేదు. లేఖనం చాలు, మనుషులు రాసిన ప్రమాణపత్రానికి ఎవరినీ కట్టడి చేయకూడదన్నది వాళ్ల పాత పట్టుదల. అలాంటప్పుడు నాలుగో శతాబ్దంలో నైసియా మహాసభ చేసిన విశ్వాస తీర్మానాన్ని ఏనాడూ వల్లించని ఊళ్లలో త్రిత్వ విశ్వాసం తరం తర్వాత తరం ఎలా నిలిచింది? దాన్ని నిలబెట్టింది పాట అని నా నమ్మకం. ఆ పాటకు తొలి గొంతు ఈ నేల మీద పుట్టినవాడిదే.

కిందటి భాగంలో విశాఖపట్నం దాకా వచ్చాం. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపగా జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ అక్కడికి చేరారు. బ్రాహ్మణ కులం నుంచి క్రైస్తవుడైన ఆనందరాయర్ వాళ్లకు తోడయ్యాడు. సువార్తలకు తెలుగు రూపం రావడంలో ఆయన చెయ్యి పెద్దది. క్రాన్ 1809లో శ్రీకాకుళంలోనే కన్నుమూశాడు. మరుసటి ఏడు డెగ్రాంజ్ పోయాడు. వాళ్ల శ్రమఫలం 1812లో బెంగాల్లోని శ్రీరాంపూర్ అచ్చుకూటం నుంచి బయటికొచ్చింది: మత్తయి, మార్కు, లూకా. యోహాను అందులో లేదు.

ఈ లోటును చరిత్రకారులు పెద్దగా పట్టించుకోలేదు గానీ మన విషయానికి ఇది కీలకం. క్రీస్తు దైవత్వం గురించి ఏ కాలంలో వాదన జరిగినా, ఇరుపక్షాలవాళ్లూ ముందు తెరిచే పుస్తకం యోహాను సువార్త. ఆదిలో దేవుని దగ్గర ఉన్న వాక్యమే దేవుడనీ, ఆ వాక్యమే శరీరధారి అయ్యాడనీ చెప్పేది ఆ మొదటి అధ్యాయమే. అది లేకుండా అచ్చయిన ఆ మొదటి పుస్తకంలో త్రిత్వానికి ఆధారం అసలు లేదని కాదు. మత్తయి ఆఖరి అధ్యాయంలో శిష్యులకు ఇచ్చిన బాప్తిస్మపు ఆజ్ఞ ఉంది, అందులో మూడు పేర్లూ కలిసే ఉన్నాయి. ఈ ఆజ్ఞ దగ్గరికి మళ్లీ వద్దాం. 1818లో శ్రీరాంపూర్‌వాళ్లు కొత్త నిబంధన మొత్తాన్ని తెలుగులో అచ్చు వేశారు. యోహాను అప్పటికి తెలుగువాడి చేతికొచ్చింది.

రెండేళ్లు తిరక్కుండానే బెంగాల్లో పెద్ద వాదం రాజుకుంది. 1820లో రామమోహన రాయ్ యేసు బోధలను సువార్తల నుంచి ఏరి ఒక పుస్తకంగా వేశారు. నీతి బోధలు ఉంచారు. అద్భుతాలు, సిద్ధాంతం జోలికి పోలేదు. మనుషుల్ని కలిపేది నీతి, విడదీసేది సిద్ధాంతమన్నది ఆయన అభిప్రాయం. శ్రీరాంపూర్‌లోని బాప్టిస్టు మిషనరీ జాషువా మార్ష్‌మన్‌కు ఇది మింగుడు పడలేదు. క్రీస్తు ఎవరో చెప్పకుండా క్రీస్తు చెప్పినదాన్ని మాత్రమే తీసుకోవడం కుదరదని ఆయన పత్రికలో రాశాడు. రాయ్ జవాబు రాశారు. మళ్లీ మార్ష్‌మన్. ఇలా 1823 దాకా రాయ్ వైపు నుంచి మూడు విజ్ఞప్తులు వచ్చాయి. మొదటి రెంటినీ అచ్చు వేసిన కలకత్తా బాప్టిస్టు ముద్రణాలయం మూడోదానికి కుదరదనడంతో ఆయన సొంత అచ్చుకూటం పెట్టుకున్నారు.

ఈ వాదంలో రాయ్‌ను తేలిగ్గా తీసిపారేసే క్రైస్తవ రచయితలు ఇప్పటికీ ఉన్నారు. అది న్యాయం కాదు. ఆయన హీబ్రూ, గ్రీకు నేర్చుకుని మూలం దగ్గరే పోరాడినవారు. తానూ తండ్రీ ఏకమని యేసు అన్నమాటను మార్ష్‌మన్ ముందుకు తెస్తే, అదే యోహాను పదిహేడో అధ్యాయంలో శిష్యులు కూడా అలాగే ఏకం కావాలని యేసు ప్రార్థించాడు గదా అని రాయ్ అడిగారు. శిష్యులంతా ఒకే తత్త్వం అయిపోలేదు కాబట్టి అక్కడి ఐక్యత మనసుల ఐక్యతే అన్నది ఆయన వాదం. ఇది గట్టి ప్రశ్న. ఇవాళ రాజాంలో ఏ పాస్టరు గారిని ఎవరు అడిగినా గట్టి ప్రశ్నే. పైగా ఆయన్ని అన్యుడని పిలిచి శ్రీరాంపూర్ పక్షం తన పరువే తీసుకుంది. యేసు మాటల్ని అంత ప్రేమగా ఏరి కూర్చినవారికి ఇవ్వాల్సిన మర్యాద అది కాదు.

అయినా వాదనలోని బలం చూస్తే నేను మార్ష్‌మన్ పక్షమే. ఆయన ఒక్క వచనాన్ని పట్టుకుని వేలాడలేదు. యేసు అంతటా ఉంటానన్నాడు, తన స్వభావం తండ్రికి తప్ప మరెవరికీ పూర్తిగా తెలియదన్నాడు, పాపాలు క్షమించాడు, సర్వశక్తి తనదన్నాడు, లోకానికి తీర్పు తీరుస్తానన్నాడు, జనం మొక్కితే వద్దనలేదు, బాప్తిస్మంలో తన పేరును తండ్రి పేరు సరసన ఉంచాడు. ఇవి విడివిడిగా నిలబడకపోవచ్చు. కలిపి చూస్తే, ఒక మంచి గురువు గురించి చెప్పగల మాటలు కావు. ఏ ప్రవక్తా తన పేరున బాప్తిస్మం ఇమ్మనలేదు. ఈ జాబితాలోని చివరి రెండు, మొక్కు, బాప్తిస్మం, పండితుల కాగితాల మీద కాక సంఘం నోటిలో, నీళ్లలో బతికేవి. మన ప్రాంతంలో త్రిత్వాన్ని మోసుకొచ్చినవి సరిగ్గా ఈ రెండే.

ఈ వాదం మిషను లోపలికి కూడా పాకింది. విలియం యేట్స్, విలియం ఆడమ్ అనే ఇద్దరు బాప్టిస్టు మిషనరీలు రాయ్‌తో కలిసి కూర్చుని సువార్తల్ని బెంగాలీలోకి తెస్తున్నారు. యోహాను మొదటి అధ్యాయం మూడో వచనం దగ్గర పని ఆగింది. సమస్తాన్నీ చేసింది కుమారుడా, లేక కుమారుని ద్వారా తండ్రి చేశాడా అన్న చోట చర్చ ముదిరి, 1821 నాటికి ఆడమ్ త్రిత్వాన్ని వదిలి ఏకత్వవాదుల్లో చేరిపోయాడు. రాయ్‌కు బుద్ధి చెప్పాలనుకున్న మిషను తన మనిషినే పోగొట్టుకుంది.

ఇంగ్లండులో ఈ తగువు అప్పటికే పాతది. 1719లో లండన్ సాల్టర్స్ హాలులో స్వతంత్ర సంఘాల బోధకులు కూడి, త్రిత్వ ప్రమాణం మీద సంతకం పెట్టాలా వద్దా అని ఓటు వేశారు. వద్దన్నవాళ్లు 57, పెట్టాలన్నవాళ్లు 53. సంతకం వద్దన్నవాళ్లంతా త్రిత్వాన్ని కాదన్నవాళ్లు కారు. కానీ ఆ శతాబ్దం గడిచేకొద్దీ జనరల్ బాప్టిస్టులనే శాఖలో చాలా సంఘాలు క్రీస్తు దైవత్వాన్ని విడిచిపెట్టేశాయి. దాన్ని సహించలేక డాన్ టేలర్ అనే బోధకుడు 1770లో విడిపోయి కొత్త సమాఖ్య కట్టాడు. ఈ సమాఖ్యవాళ్లే 1822లో ఒరిస్సాకు మిషనరీల్ని పంపారు. కటకంలో వాళ్ల మిషను వెలిసింది.

ఇక్కడ మన శ్రీకాకుళం కథ కలుస్తుంది.

1803లో పర్లాకిమిడి ప్రాంతంలోని మదనాపురంలో ఒక బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పురుషోత్తమ చౌదరి పుట్టాడు. ఇంటి సంప్రదాయం వైష్ణవం. తెలుగు, ఒరియా, సంస్కృతం చదువుకున్నాడు. క్రైస్తవ కరపత్రాలు చేతికొచ్చాక కుదురు పోయింది. శ్రీకాకుళంలో హెలెన్ నాట్ అనే భక్తురాలితో మాటలు నడిచాయి. 1833లో కటకం వెళ్లి అక్కడి మిషనరీ చార్లెస్ లేసీ చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్నాడు. అదే 1833లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో రామమోహన రాయ్ కన్నుమూశారు. ఇద్దరూ బెంగాలీ బ్రాహ్మణ వంశాలవాళ్లే. ఇద్దరూ విగ్రహాల్ని వదిలినవాళ్లే. ఒకరు క్రీస్తును గురువుగా నిలుపుకున్నారు, ఇంకొకరు దేవుడని మొక్కారు. త్రిత్వం మీద జరిగే వాదమంతా ఈ రెండు జీవితాల మధ్య ఉన్న ఎడమే.

చౌదరి వచ్చింది ఖాళీ నేలలోకి కాదు. దేవుడి స్వరూపం గురించి వాదించుకోవడం ఈ సీమకు ఎప్పటి నుంచో అలవాటు. మధ్వాచార్యుల శిష్యుడు నరహరి తీర్థులు 13వ శతాబ్దంలో కళింగ రాజ్యంలో అధికారం నెరపుతూ శ్రీకూర్మంలో ద్వైతాన్ని నిలబెట్టారు. 1281 నాటి ఆయన శాసనం ఇప్పటికీ ఆ గుడిలో ఉంది. జీవుడూ దేవుడూ ఒకటా వేరా అన్న తగువు అక్కడి మండపాలకు కొత్త కాదు. శ్రీకాకుళం ఊళ్లో చూస్తే 1641లో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జుమ్మా మసీదు. అల్లాకు సాటి లేడు, కొడుకు లేడు అన్నది అక్కడి వారి విశ్వాసానికి పునాది. నడివీధిలో నిలబడి తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ అని నోరు తెరిచిన సువార్తికుడికి రెండు వైపుల నుంచీ ప్రశ్నలు తప్పవు. మీకు ముగ్గురు దేవుళ్లా అని ఒకవైపు. మాకూ త్రిమూర్తులున్నారు, మీరు కొత్తగా చెప్పేదేముంది అని ఇంకోవైపు.

రెండో ప్రశ్న మొదటిదానికంటే ప్రమాదకరం, ఎందుకంటే అది ఒప్పుకుంటున్నట్టు వినిపిస్తుంది. బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులకు సృష్టి, స్థితి, లయ అనే పనుల పంపకం ఉంది. క్రైస్తవ త్రిత్వంలో అలాంటి పంపకం లేదు. సృష్టిలో ముగ్గురూ ఉన్నారు, రక్షణలో ముగ్గురూ ఉన్నారు. చిక్కేమిటంటే, దీన్ని తేలిక చేయబోయి మన బోధకులే తప్పు దారి పడతారు. నీరు, మంచు, ఆవిరి ఉపమానం వినని తెలుగు క్రైస్తవుడు ఉండడేమో. ఒకే నీరు మూడు రూపాలు ధరించినట్టు ఒకే దేవుడు మూడు రూపాల్లో కనిపిస్తాడని చెబుతారు. ఇది త్రిత్వం కాదు. మూడో శతాబ్దంలో రోములో సబెల్లియస్ చెప్పినది, సంఘం కాదన్నది ఇదే. మంచు నీటితో మాట్లాడదు. యొర్దానులో కుమారుడు నీళ్లలో ఉండగా ఆత్మ దిగివచ్చాడు, తండ్రి మాట్లాడాడు. గెత్సేమనేలో కుమారుడు తండ్రిని వేడుకున్నాడు. ఆ వేడుకోలు నిజమైతే వేడుకున్నవాడూ విన్నవాడూ ఇద్దరు. ఇద్దరూ దేవుడే అయితే, దేవుడు ఒక్కడే అయితే, మాటకు లొంగని ఈ సత్యాన్ని చెప్పడానికే సంఘం అన్నేళ్లు పెనుగులాడింది.

325లో ఇప్పటి టర్కీలోని నైసియాలో బిషప్పుల మహాసభ కూడింది. అలెగ్జాండ్రియా సంఘంలో ఆరియస్ అనే పెద్ద, కుమారుడు కూడా సృష్టే, అతడు లేని కాలం ఒకటుందని బోధిస్తున్నాడు. కుమారుడిది తండ్రితో ఏక స్వభావమని సభ తీర్మానించింది. కథ అక్కడితో ముగిసిందనుకుంటాం గానీ అసలు గొడవ ఆ తర్వాతే. చక్రవర్తులు మారారు, గాలి మారింది. తీర్మానం వైపు గట్టిగా నిలబడ్డ అథనేసియస్‌ను ఐదుసార్లు ఊరు దాటించారు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ దాకా వ్యవహారం తేలలేదు. ఈ పోరులో పాట రెండు వైపులా ఆయుధమే. ఆరియస్ తన బోధను జనం పాడుకునే ఛందస్సులో పెట్టాడు. 386లో మిలాన్ గుడిని ఆరియన్లకు అప్పగించమని రాజాజ్ఞ వస్తే, లోపల కూర్చున్న జనానికి బిషప్ ఆంబ్రోస్ కీర్తనలు నేర్పి పాడించాడు.

ఇంకా వెనక్కు వెళ్తే నాకు అన్నిటికంటే విలువైన సాక్ష్యం కనిపిస్తుంది. అది క్రైస్తవులది కాదు. సుమారు 112లో బితునియ సీమను ఏలుతున్న ప్లినీ అనే రోమన్ అధికారి, ఈ క్రైస్తవులేం చేస్తున్నారో విచారించి చక్రవర్తి ట్రాజన్‌కు నివేదిక పంపాడు. నియమిత దినాన తెల్లవారకముందే కూడి, క్రీస్తును దేవుడిగా కీర్తిస్తూ పాడుకుంటారని రాశాడు. నైసియా పట్టణం ఆ బితునియలోదే. తీర్మానానికి రెండు వందల ఏళ్లకు ముందే అక్కడ పాట ఉంది. మహాసభలో కూర్చున్న బిషప్పులు కొత్త దేవుణ్ణి తయారు చేయలేదు. జనం అప్పటికే ఎవరికి పాడుతున్నారో, ఆ పాటకు తగిన మాట వెతికారు. త్రిత్వం నాలుగో శతాబ్దపు కల్పన అనేవాళ్లకు నా జవాబు ఇదే. అథనేసియస్ కూడా ఈ గురి మీదే కొట్టాడు: కుమారుడు సృష్టి అయితే, అతనికి మొక్కే మీరు సృష్టిని పూజిస్తున్నట్టే గదా అని ఆరియన్లను నిలదీశాడు.

పురుషోత్తమ చౌదరి చేసింది ఇటువంటిదే. నూటికి పైగా కీర్తనలు రాశాడు. శతకాలు, కులాన్ని విమర్శించే కులాచార పరీక్ష లాంటి పుస్తకాలు కూడా రాశాడు. పుస్తకాలు ఇవాళ గ్రంథాలయాల్లో దొరికితే దొరికినట్టు. పాటలు మాత్రం ప్రతి సంఘంలో ఉన్నాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి. అతని పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. కింద పల్లవి, చరణాలు. చివర రచయిత పేరు. హార్మోనియం పెట్టె లేని పల్లె గుడిలో అవే పాటలు కంజీర మీద, తాళాల మీద నడుస్తాయి. పాహి, త్రాహి అనే పిలుపులు అతను పుట్టిన వైష్ణవంలో భగవంతుడికి చెల్లేవి. వాటిని తీసుకొచ్చి సరాసరి క్రీస్తుకు పెట్టాడు. ఏ తెలుగు చెవికైనా ఆ పిలుపు వినగానే, పిలిపించుకుంటున్నది గురువు కాదు, దేవుడని తెలుస్తుంది. మార్ష్‌మన్ పుటల కొద్దీ వాదించిన ఆరో అంశం, మొక్కు, ఇక్కడ ఒక పల్లవిలో ఇమిడిపోయింది. అక్షరం రాని కూలిమనిషికి అది కంఠతా వచ్చేసింది. తెలుగులో త్రిత్వం మీద శాస్త్రగ్రంథం రాలేదని చిన్నబుచ్చుకునేవాళ్లను చూశాను. ఈ కీర్తనల పుస్తకం ఉండగా ఆ బెంగ అక్కర్లేదు.

పాట ఒక వైపు కాపలా కాస్తే, బాప్తిస్మం ఇంకో వైపు. ఏటి రేవులోనో, గుడి ముందు కట్టిన తొట్టిలోనో పాస్టరు గారు నడుములోతు నీళ్లలో నిలబడతారు. తెల్లబట్టలు కట్టిన మనిషి చేతులు ముడుచుకుంటాడు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున అని ఒక్కసారే ముంచి లేపుతారు. గట్టు మీద జనం పాట అందుకుంటారు. మూడు పేర్లు, ఒకే నామం, ఒకే మునక.

ఇరవయ్యో శతాబ్దంలో తగువు సరిగ్గా ఈ నీళ్లలోనే మళ్లీ మొదలైంది. 1913లో లాస్ ఏంజెలెస్ దగ్గర ఆరోయో సెకో అనే చోట జరిగిన పెంతెకొస్తు కూటాల్లో ఒక బోధకుడు, అపొస్తలులు యేసు నామంలోనే బాప్తిస్మం ఇచ్చారు గదా అని ఎత్తాడు. అపొస్తలుల కార్యాలు రెండో అధ్యాయం ముప్ఫై ఎనిమిదో వచనం చూపించాడు. ఏడాదిలోపు కొందరు మళ్లీ బాప్తిస్మాలు తీసుకున్నారు. తండ్రి, కుమార, ఆత్మ అనేవి బిరుదులేననీ, ఆ నామం యేసు ఒక్కటేననీ బోధ సాగింది. 1916లో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ మహాసభ త్రిత్వం పక్షాన నిలబడగా, నూటయాభైకి పైగా బోధకులు బయటికి నడిచారు. ఆ అల తెలుగు దేశానికీ వచ్చింది. యేసు నామ బాప్తిస్మమా, త్రియేక నామ బాప్తిస్మమా అన్న ప్రశ్న ఇవాళ మన సంఘాల్లో నైసియా కంటే ఎక్కువమందికి తెలుసు. ఇళ్ల తలుపులు తట్టి కావలికోట పత్రిక చేతిలో పెట్టే యెహోవా సాక్షుల వాదన వేరు, అది ఆరియస్‌కు దగ్గర.

యేసు నామ బోధకుల పట్ల నాకు గౌరవముంది. క్రీస్తు దైవత్వాన్ని వాళ్లు తక్కువ చేయలేదు. కానీ మత్తయిలోని ఆజ్ఞను కార్యాల్లోని వాక్యాలతో కొట్టివేయడం ఒప్పుకోలేను. యేసు నామమున అంటే ఎవరి అధికారంతో, ఎవరికి చెందేలా అని చెప్పడం. నీళ్లలో ఏ మాటలు పలకాలో మత్తయి చెబుతున్నాడు. తొలి సంఘాల ఆచారాలను చెప్పే డిడఖే అనే పాత గ్రంథం 1873లో దొరికింది. అందులో పారే నీటిలో, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున బాప్తిస్మం ఇమ్మని స్పష్టంగా ఉంది. నైసియాకు ఎంతో ముందు కాలానిది అది.

మన వైపు వాళ్లు కూడా ఒక పని మానుకోవాలి. పరలోకంలో సాక్ష్యమిచ్చేవారు ముగ్గురు అంటూ యోహాను మొదటి పత్రిక ఐదో అధ్యాయంలో పాత ఇంగ్లీషు బైబిలు చూపించే వాక్యాన్ని ఇంకా కొందరు రుజువుగా చదువుతున్నారు. అది పాత గ్రీకు ప్రతుల్లో లేదు. 1881 నాటి సవరించిన ఇంగ్లీషు అనువాదం దాన్ని తీసేసింది. మన తెలుగు బైబిలులోనూ ఆ చోట ఆత్మ, నీళ్లు, రక్తమే సాక్షులు. త్రిత్వానికి ఆ ఊతకర్ర అవసరం లేదు. తర్వాతెవరో చేర్చిన వాక్యం మీద నిలబెడితే, అది పోయిన రోజున నిజమైన ఆధారాల్ని కూడా జనం అనుమానిస్తారు.

పురుషోత్తమ చౌదరి 1890లో పోయాడు. అప్పటికి కెనడా బాప్టిస్టులు బొబ్బిలిలో కుదురుకున్నారు. పాలకొండ దారి పల్లెల్లోకి వాళ్ల బండ్లు, వాళ్లతో కీర్తనల పుస్తకం ఎలా చేరాయో, బైబిలు స్త్రీలు గడప గడపకూ ఆ పాటల్ని ఎలా మోసుకెళ్లారో వచ్చే భాగంలో.